వ్యవసాయ సాఫ్ట్‌వేర్: కొత్త సదుపాయాల వేగం, సేవల విశ్వసనీయత

విస్తరణ సేవలలో మొబైల్ యాప్ నేడు కరపత్రం వలెనే అవసరమైన సాధనమైంది. 2019లో ప్రారంభమైన మేఘదూత్ యాప్ ద్వారా ప్రతి మంగళ, శుక్రవారాలలో జిల్లా స్థాయి వ్యవసాయ వాతావరణ సలహాలు అందుతున్నాయి. ఇటువంటి సేవలకు కొత్త సదుపాయాలను ఎంత వేగంగా జోడించాలి, ఉన్న సేవకు భంగం కలగకుండా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్న విషయాలు విస్తరణ శాస్త్రవేత్తలకు కూడా తెలిసి ఉండాలి.

తొందరపాటు ఫలితం

2024 జూలై 19 ఉదయం క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన భద్రతా నవీకరణలోని లోపం కారణంగా ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు స్తంభించాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇవ్వవలసి వచ్చింది. లోపమున్న ఫైలును 78 నిమిషాలలోనే ఉపసంహరించినప్పటికీ, అప్పటికే నిలిచిపోయిన యంత్రాలలో అనేకం ఒక్కొక్కటిగా సరిచేయవలసి వచ్చింది. నవీకరణను దశలవారీగా కాక అందరికీ ఒకేసారి పంపడం వల్లనే నష్టం ఇంతగా విస్తరించింది.

వంగడాల విడుదలతో పోలిక

బాపట్ల నుండి 1986లో విడుదలైన సాంబ మసూరి (బీపీటీ 5204) గింజ నాణ్యతకు పేరుపొందినా బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకోలేదు. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధనా సంచాలకాలయం శాస్త్రవేత్తలు మార్కర్ల సహాయంతో మూడు నిరోధక జన్యువులను అందులో చేర్చగా, మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. తెగులును తట్టుకోవడంతో పాటు పాత గింజ నాణ్యత నిలిచి ఉందని కూడా నిర్ధారించుకోవడం ఇందులో కీలకం. సాఫ్ట్‌వేర్‌లో రిగ్రెషన్ పరీక్ష చేసే పని ఇదే. పరిశోధనా క్షేత్రం, బహుళ ప్రాంత పరీక్షలు, మినీకిట్లు అనే క్రమం వలెనే, కొత్త సదుపాయాన్ని కూడా ముందుగా ఒక మండలంలోని కొద్దిమందికి అందించి, ఫలితాన్ని గమనించి విస్తరించాలి.

అయితే ఆలస్యమే భద్రత అని భావించరాదు. ఒకే మడిలో విత్తనం, ఎరువు, నీటి యాజమాన్యం మూడింటినీ ఒకేసారి మార్చితే దిగుబడిలో తేడాకు కారణం తెలియదు. అదే విధంగా, పోగుచేసిన మార్పులన్నీ ఒకేసారి విడుదల చేస్తే లోపం ఎక్కడ ఉన్నదో కనుగొనడం కష్టం. కనుక చిన్న మార్పులను తరచుగా, ఒక్కొక్కటిగా విడుదల చేయడం మేలు.

అంతరాయానికి ముందస్తు పరిమితి

సస్యరక్షణలో ఒక పురుగు కనిపించగానే మందు పిచికారీ చేయము. ఆర్థిక నష్ట పరిమితిని చూసి నిర్ణయిస్తాము. సాఫ్ట్‌వేర్ నిర్వహణలో ఇటువంటి భావనను ‘ఎర్రర్ బడ్జెట్’ అంటారు. సేవ 99.9 శాతం కాలం అందాలని నిర్ణయిస్తే, 30 రోజులలో 43 నిమిషాల అంతరాయాన్ని అనుమతించినట్లు. 99 శాతం చాలుననుకుంటే ఆ పరిమితి 7 గంటల 12 నిమిషాలవుతుంది. పరిమితి మిగిలి ఉన్నంతవరకు కొత్త సదుపాయాలు విడుదల చేయవచ్చు. అది ముగిస్తే వాటిని నిలిపి లోపాలను సరిదిద్దాలి. అయితే వేసవిలో అర్ధరాత్రి కలిగిన అంతరాయం, జూన్‌లో విత్తే వేళ కలిగిన అంతరాయం రైతుకు సమానం కావు. అందువల్ల పెద్ద మార్పులను విత్తే కాలానికి ముందే ముగించడం అవసరం.

సమాచారం తెలియజేయడం

మార్పుకు ముందు ఏది మారుతున్నదో, ఎవరికి వర్తిస్తుందో సులభమైన తెలుగులో తెలపాలి. సేవ నిలిచినప్పుడు నాలుగు విషయాలు చెప్పడం తప్పనిసరి: ఏది పనిచేయడం లేదు, ఇప్పటికే అందిన సలహాను నమ్మవచ్చునా, అంతవరకు ప్రత్యామ్నాయం ఏమిటి, తదుపరి సమాచారం ఎప్పుడు అందుతుంది. కారణం తెలియకపోయినా ఈ ప్రకటనను వాయిదా వేయరాదు. యాప్ నిలిచినప్పుడు యాప్‌లోని ప్రకటన రైతుకు చేరదు కనుక ఎస్ఎంఎస్, రైతు వేదిక, వ్యవసాయ విస్తరణ అధికారి అనే మార్గాలను ముందే సిద్ధం చేయాలి.

పిచికారీకి సిద్ధమైన రైతు పాత సూచనను తాజా సూచనగా భావిస్తే, వర్షానికి మందు కొట్టుకుపోయి పెట్టుబడి, శ్రమ రెండూ వృథా అవుతాయి. కావున ప్రతి సలహాపై తేదీ, చెల్లుబాటు గడువు స్పష్టంగా కనిపించడం ఏ కొత్త సదుపాయం కన్నా ముందుగా చేయవలసిన పని.