రాతిలో మలచిన చుట్టిల్లు

దేవాలయ మనగానే మన మనస్సునకు గాలిగోపురము, ధ్వజస్తంభము, కల్యాణమండపము తోచును. ఇవన్నియు ఏర్పడక పూర్వము తెలుగువారు ఎటువంటి గుడి ముందు నిలిచి చేతులు జోడించిరి? ఈ ప్రశ్నకు సమాధానమును గ్రంథములలో వెదకుట ఒక మార్గము. అడవిదారిని పోయి కన్నులార చూచుట మరియొక మార్గము. గడచిన మాఘమాసమున మేము రెండవ మార్గము పట్టితిమి. శ్రోతలలో కొందరైనను ఆ దారిని పోవుదురను ఆశతో, ఆనాడు చూచినదానిని, తెలిసికొన్నదానిని ఇచ్చట విన్నవించుచున్నాము.

మా సహచరుడు పటమటలో నివసించు మా చిరకాల మిత్రుడు. కాలువలమీద వంతెనలు, లాకులు కట్టించుటలో ఉద్యోగజీవిత మంతయు గడపి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్న ఇంజనీరు. ఏ కట్టడమును చూచినను ఆయన మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "దీని బరువు దేనిమీద ఉన్నది?" గుడిని చూచినను అదే ప్రశ్న; పెండ్లిపందిరిని చూచినను అదే ప్రశ్న. ఈ ప్రయాణమున ఆ ప్రశ్న మాకు మిక్కిలి ఉపకరించినది.

విజయవాడవారికి గుహాలయములు క్రొత్తవి కావు. పటమటనుండి కొద్ది దూరముననే మొగల్రాజపురపు కొండలో గుహలున్నవి. కృష్ణ దాటి ఆవలి గట్టునకు పోయినచో ఉండవల్లిలో నాలుగంతస్తుల గుహాలయమును, అందు శయనించిన అనంతపద్మనాభుని చూడవచ్చును. ఇవి క్రీ.శ. నాలుగైదు శతాబ్దులకో, ఆ తరువాతి కాలమునకో చెందినవని చరిత్రకారుల అభిప్రాయము. వీనికంటె ఐదారు వందల యేండ్లు పెద్దదైన గుహాలయము ఏలూరు జిల్లాలో, కామవరపుకోటకు చేరువన, జీలకర్రగూడెమను పల్లెవద్ద గుంటుపల్లి కొండలలో నున్నది. అది క్రీస్తునకు పూర్వము రెండు, ఒకటవ శతాబ్దుల నాటి బౌద్ధక్షేత్రము.

తెల్లవారుజామున పటమటలో బయలుదేరి హనుమాన్ జంక్షను మీదుగా ఏలూరు చేరితిమి. విజయవాడనుండి ఏలూరు సుమారు 60 కిలోమీటర్లు. అచ్చటినుండి ఉత్తరముగా గుంటుపల్లికి మరి 40 కిలోమీటర్లు. ఏలూరు దాటిన కొంతసేపటికే నేల స్వభావము మారును. కాలువలు, వరిచేలు వెనుకబడును. ఎర్రనేల, మామిడి, జీడిమామిడి, పామాయిలు తోటలు ఎదురగును. ఇది మెట్టసీమ. క్రమముగా తోటలు పలుచబడి, చెట్లు గుబురై, కొండలు దగ్గరకు వచ్చును.

కొండ దిగువన మాకు దారి చూపుటకు ఆ ఊరి పెద్దాయన ఒకడు దొరకెను. అరువది యేండ్లు దాటిన మనిషి. చేత కర్ర, భుజమున తుండుగుడ్డ. "చిన్నప్పట్నుంచీ ఈ కొండమీదే పశువుల్ని తోలుకున్నానండీ. నా వెనకాలే రండి బాబుగారూ" అని ముందు నడచెను. మోదుగచెట్లు అప్పుడే మొగ్గ తొడిగియుండెను. గుర్రపులాడము వలె వంగిన లోయ. దాని అంచున నిలువుగా లేచిన ఇసుకరాతి చరియ. ఆ చరియలో వరుసగా భిక్షువుల గదులు. వానకాలమున ఊరూర తిరుగుట మాని ఒకచోట నిలిచియుండుట బౌద్ధభిక్షువులకు నియమము. ఇటువంటి గుహావిహారములు అట్టి నివాసమునకు అనువైనవి.

మెట్లెక్కి ఒక ద్వారము ముందర ఆగితిమి. ద్వారముపైన లాడపు ఆకృతిగల తోరణము రాతిలో చెక్కబడియున్నది. పెద్దాయన చెప్పులు విడిచెను, మేమును విడిచితిమి. లోపల చల్లని చీకటి. కొంతసేపటికి కన్నులు కుదుటబడగా, నడుమ గుండ్రని రాతిదిమ్మె యొకటి కనబడెను. దానిమీద పసుపుకుంకుమలు, వాడిన పూలు నుండెను.

"ఆయ్, ఈయనే ధర్మలింగేశ్వరుడండీ" అని పెద్దాయన కన్నులకద్దుకొనెను. "శివరాత్రికి చూడాలి బాబుగారూ, ఈ కొండ నేల ఈనినట్టుంటాది."

అది లింగము కాదు, కొండతో ఏకశిలగా తొలిచిన స్తూపము. ఆ మాట మా నోటివరకు వచ్చినది. మా మిత్రుడు మా మోచేతిని మెల్లగా నొక్కెను. మేము ఊరకుంటిమి. ఆయన ఏల వారించెనో కొండ దిగునప్పుడుగాని తెలియలేదు.

ఆ గది గుండ్రముగా నున్నది. అడ్డుకొలత సుమారు 18 అడుగులు. నడుమ స్తూపము; దానిచుట్టు ప్రదక్షిణము చేయుటకు సన్నని దారి. అంతమాత్రమే అయినచో చెప్పదగిన విశేషము లేదు. తల యెత్తి చూచినప్పుడే వింత తెలియును. పైకప్పు గుమ్మటమువలె నున్నది. గోడ పైయంచునుండి నడినెత్తివరకు వంపు తిరిగిన వాసములు బారులు తీరియున్నవి. వానిని కలుపుచు అడ్డకట్టులున్నవి. అన్నియు రాతివే. పూరింటిలో నిలిచి పైకి చూచినప్పుడు కనబడు కొయ్యపని యంతయు ఇచ్చట రాతిలో కనబడును.

మా మిత్రుడు టార్చిలైటు వేసి చాలసేపు చూచెను. "ఈ వాసములమీద ఏ బరువును లేదు" అనెను. నిజమే. పూరింట కప్పుబరువు వాసములమీద పడును. వాసములు దానిని గోడకు చేర్చును. ఒక వాసము విరిగినచో కప్పు క్రుంగును. ఇచ్చట కప్పు కొండయే. ఈ రాతివాసము లన్నింటిని గొరిగివేసినను గుహకు వచ్చు లోటు లేదు. మరి శిల్పి వీనిని ఏల ఉంచెను?

ఉంచుట యను మాటను ఊరక వాడలేదు. ఇటుకపనిలో తప్పు జరిగినచో ఊడదీసి మరల పేర్చవచ్చును. తొలుపుపనిలో అట్టి వీలు లేదు. ఉలి తీసివేసిన రాయి తిరిగి అతుకదు. కనుక ఈ వాసములలో ప్రతియొక్కటియు శిల్పి ముందుగా తలచుకొని, చుట్టునున్న రాతిని తొలచి, జాగ్రత్తగా విడిచిపెట్టినదే. బరువు మోయని వాసమునకొరకు ఇంత శ్రమపడినాడనగా, వాసములు లేని ఇల్లు ఆతని కంటికి ఇల్లుగా కనబడలేదన్నమాట.

ఇందుకు మన ఇండ్లలోనే ఒక పోలిక కలదు. తొలినాటి రేడియోలు చాలవరకు నున్నని చెక్కపెట్టెలలో వచ్చినవి. తరువాత ప్లాస్టిక్కు వచ్చినది. అయినను పెక్కు పెట్టెలమీద చెక్కచారల రంగు వేయుట మానలేదు. క్రొత్త సామగ్రి వచ్చినప్పుడు మనుష్యుడు పాత ఆకారమును వెంటనే విడువడు. రాతిపని క్రొత్తగా నేర్చుచున్న ఆ కాలమున వడ్రంగి చేతిపని శిల్పికి గురువైనది. గుంటుపల్లి ఇందులకు ఒంటరి ఉదాహరణము కాదు. బీహారులో గయకు చేరువ బరాబరు కొండలలో క్రీ.పూ. మూడవ శతాబ్దిలో, అశోకుని కాలమున, ఆజీవకులను సన్న్యాసులకొరకు గుహలు తొలిపించిరి. అచ్చటి సుదామ గుహలో లోపలిగది గుండ్రని కుటీరమే. లోమశఋషి గుహ ముఖద్వారము అచ్చమైన కొయ్యపనికి అనుకరణ. గుంటుపల్లి తోరణము దానిని తలపించును.

మేమిట్లు బరాబరును గూర్చి మిత్రునితో ముచ్చటించుచుండగా పెద్దాయన నవ్వెను. "అంత దూరం దేనికండీ? ఇది చుట్టిల్లే కదండీ! మా తాతగారి చుట్టిల్లు అచ్చం ఇలాగే ఉండేది. అందులో నిట్రాడు పాతిన చోట ఇక్కడ సామి ఉన్నాడు. అంతే తేడా."

ఆ మాట విని మేమిద్దరము మరల తలలెత్తి చూచితిమి. గుండ్రని గోడ, నడినెత్తిన కలియు వాసములు, ఒకే వాకిలి. కోస్తా పల్లెలలో పెరిగినవారికి చుట్టిల్లు తెలియనిది కాదు. మట్టిగోడ, తాటివాసములు, తాటాకు కప్పు, నేలకు దిగిన చూరు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగిన మా మిత్రుడు దాని గుణమును ఇట్లు వివరించెను: "చదునుగోడ గాలికి ఎదురు నిలుచును. గుండ్రని గోడ చుట్టు గాలి తిరిగి పోవును. కప్పు వాలుగా ఉండుటచే దానిని పట్టి లేపుట గాలికి కష్టము. ఈ లెక్క ఏ ఇంజనీరును వేసి ఇచ్చినది కాదు, తుఫానులే నేర్పినవి."

ఇన్నియేండ్లుగా ఈ గుహను గూర్చి చదివినప్పుడెల్ల 'వృత్తాకార చైత్యగృహము' అను మాటను మేమును వాడితిమి. ఆ మాట తప్పు కాదు. కాని బుద్ధునికొరకు ఈ దేశపు శిల్పులు రాజభవనమును గాక పేదవాని చుట్టింటి రూపమును రాతిలో నిలిపిరన్న సంగతి, దానిలో పుట్టి పెరిగినవాడు చెప్పువరకు మాకు తట్టలేదు.

గుహనుండి వెలువడి కొండపైకెక్కితిమి. అచ్చట పునాదులు బయటపడిన ఇటుక కట్టడములు, గజపృష్ఠాకారపు చైత్యము, భక్తులు మ్రొక్కుబడిగా కట్టించిన పదులకొలది చిన్నస్తూపములు, విరిగిన స్తంభములుగల మండపము నున్నవి. ఇచ్చట దొరకిన బ్రాహ్మీశాసనములు రెండు సంగతులు తెలుపుచున్నవి. ఈ కొండకు నాటి పేరు మహానాగపర్వతము. కళింగ మహిషకాధిపతియు, మహామేఘవాహన వంశీయుడును అగు సిరిసద మహారాజువద్ద వ్రాయసకాడైన చులగోముడు ఇచ్చట మండపమును దానమిచ్చెను. రాజు కట్టించిన మండపము కాదు. రాజునొద్ద కొలువుచేసి జీతము తిన్న వ్రాయసకాని మండపము. వ్రాతయే వృత్తియైన మాకు ఆ స్తంభములముందు కొంచెముసేపు నిలువవలెననిపించెను.

దిగివచ్చునప్పుడు మిత్రుని అడిగితిమి: "లింగము కాదని చెప్పనీయలేదేమి?"

ఆయన అమరావతిని తలపుచేసెను. కాలిన్ మెకంజీ 1797లో అమరావతి దిబ్బను చూచునాటికే అచ్చటి ఇటుకలును, రాళ్లును క్రొత్త కట్టడములకు తరలుచుండెను. అపురూపమైన శిల్పఫలకములు కొన్ని సున్నపుబట్టీల పాలైనవి. మిగిలినవానిలో పెక్కు చెన్నపట్టణపు మ్యూజియమునకు, లండను మ్యూజియమునకు చేరినవి. ఆనాడు ఆ దిబ్బను తమ దైవమని పట్టుకొనినవారు లేరు. "ఈ గుహను ఎవరును మోసికొనిపోలేరు, కాని లోపలి స్తూపమును పగులగొట్టుటకు ఒక పలుగు చాలును. నిధులకై గుడులు త్రవ్వువారు ఏ కాలమునను కలరు. ధర్మలింగేశ్వరుడను పేరే దానికి కాపలా కాచినది. కాపలాదారుని పేరు అడుగవచ్చును గాని, పొమ్మనుట మర్యాద కాదు" అనెను. ఆ పేరిలోని మొదటిమాటను కూడ గమనింపవలెను. బుద్ధుని బోధకు బౌద్ధులు పెట్టుకొన్న పేరును ధర్మమే. నేడు ఈ క్షేత్రము భారత పురావస్తుశాఖ రక్షణలో నున్నది. అయినను బొగ్గుతో, మేకులతో తమ పేర్లు వ్రాయువారినుండి ఏ శాఖయు గోడలను పూర్తిగా కాపాడలేదు. చూడబోవు శ్రోతలు చలికాలమున పోవుట మేలు. త్రాగునీరు వెంట కొనిపోవలెను. పిల్లలచేత గోడలమీద వ్రాయింపరాదు.

పెద్దాయన మమ్ములను తన యింట మజ్జిగ త్రాగి పొమ్మని బలవంతపెట్టెను. రెండుగదుల స్లాబు ఇల్లు. పెరటిలో గేదెలు కట్టిన చోట నేల కొంచెము మెరకగా, గుండ్రముగా నున్నది. "అదేనండీ తాతగారి చుట్టిల్లు. వాసాలు పుచ్చిపోతే తీసేశాం. మళ్లీ కడదామంటే అలా వంచి కట్టేవాళ్లు ఊళ్లో లేరండీ. ఆఖరాయన పోయి చాలా కాలమైంది."

మా మిత్రుడు లేచి చెప్పులు విడిచి, ఆ మెరకకు ఈ అంచునుండి ఆ అంచువరకు పాదమునకు పాదము చేర్చి కొలిచెను. మరల అడ్డముగా కొలిచెను. "పదునెనిమిది అడుగులకు కొంచెము తక్కువ" అని మెల్లగా అనెను. పెద్దాయన దానిని విశేషముగా భావింపలేదు. "ఇంతకంటే పెద్దదైతే వాసం అందదండీ" అనెను.

రెండువేల యేండ్లనాటి రాతి చుట్టిల్లును కాపాడుటకు కొండయు, దేవుడును, ప్రభుత్వమును కలవు. దానికి మాతృకయైన మట్టి చుట్టిల్లునకు ఎవరును లేరు. మీ ఊళ్లలో అట్టి ఇల్లు ఇంకను ఉన్నచో, దానిని కట్టినవారు బ్రతికియున్నచో, ఒక ఆదివారము వారిచెంత కూర్చుండి అడుగుడు. గోడ ఎత్తెంత, వాసములు ఎన్ని, నడినెత్తిన వానిని ఏ నారతో, ఎట్లు ముడివేసిరి. ఇవి వ్రాసి ఉంచుడు. ఆ ముడి యెట్టిదో గుంటుపల్లి రాయి చూపదు. రాతిలో ముడివేయ నవసరము లేదు గదా.