మట్టి నేర్పిన మారకం

పొలానికి వేసిన ఎరువు వానకు కొట్టుకుపోకుండా మట్టిలోనే ఎలా నిలుస్తోంది? 1840ల్లో ఇంగ్లండులోని యార్క్‌షైర్ భూస్వామి హెచ్.ఎస్. థాంప్సన్‌కు పట్టుకున్న ప్రశ్న ఇది. అమ్మోనియం సల్ఫేట్ కలిపిన నీటిని మట్టి గుండా దించి చూస్తే, అడుగున వచ్చిన నీటిలో అమ్మోనియాకు బదులు కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సం, కనిపించింది. రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ రసాయనవేత్త జె. థామస్ వే ఆ పనిని చేపట్టి లోతుగా పరీక్షించాడు. మట్టి అమ్మోనియాను ఊరికే పీల్చుకోవడం లేదు. సంతలో ధాన్యం కొలిచి ఉప్పు తెచ్చుకున్నట్టు, సరిసమానంగా కాల్షియం ఇచ్చి దాన్ని తీసుకుంటోంది.

ఈ మారకం ఒకవైపే జరుగుతుందని వే అనుకున్నాడు. 1858లో ఐకార్న్ అనే జర్మన్ శాస్త్రవేత్త జియొలైట్ ఖనిజాలతో ప్రయోగం చేసి, వెనక్కి కూడా జరుగుతుందని చూపించాడు. నీటిలో ఏ అయాన్ బాగా చిక్కగా ఉంటే అది లోపలికి చేరుతుంది, లోపలున్నది బయటికొస్తుంది. నీటి కాఠిన్యాన్ని పోగొట్టే వాటర్ సాఫ్ట్‌నర్ నిజంగా పుట్టింది అక్కడే అని నేనంటాను. వెనక్కి తిప్పలేని మారకమైతే ఆ యంత్రాన్ని ఒక్కసారి వాడి పారేయాల్సిందే.

బోరునీళ్లతో కాపురం చేసేవాళ్లకు ఈ యంత్రం అవసరం విడమరచి చెప్పక్కర్లేదు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, బకెట్ అంచున తెల్లటి తెట్టు మిగులుతుంది. కందిపప్పు ఉడకనంటుంది, ఎందుకంటే నీటిలోని కాల్షియం గింజలోని పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తుంది. గీజర్‌లోనైతే, వేడికి కాల్షియం బైకార్బనేట్ విడిపోయి సున్నపురాయిగా మారి కాయిల్‌కి గారకడుతుంది. ఆ పొర గుండా వేడి సరిగా పోక కాయిలే కాలిపోతుంది. మన తాగునీటి ప్రమాణాల ప్రకారం కాఠిన్యం, అంటే నీటిలోని కాల్షియం, మెగ్నీషియంల మోతాదు (కాల్షియం కార్బనేట్ లెక్కన), లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకపోవడం మేలు. వేరే నీటి వసతి లేనిచోట 600 వరకు అనుమతి ఉంది.

20వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో రాబర్ట్ గాన్స్ కృత్రిమ జియొలైట్లు తయారుచేసి ఈ మారకపు సూత్రాన్ని నీటిశుద్ధికి తెచ్చాడు. ఆమ్లం తగిలితే అవి నిలవవు. 1935లో ఇంగ్లండులోని టెడింగ్టన్ ప్రయోగశాలలో ఆడమ్స్, హోమ్స్ అయాన్లు మార్చే ప్లాస్టిక్ రెజిన్ చేశారు. తర్వాత అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన డి'అలేలియో స్టైరీన్‌తో మరింత గట్టి రెజిన్ తయారుచేశాడు. ఇవాళ్టి సాఫ్ట్‌నర్ సిలిండర్లలో ఉండేది ఆ జాతిదే.

ఆ రెజిన్‌ను అరచేతిలో పోసుకుంటే తేనెరంగు పూసలు జారిపోతుంటాయి, ఒక్కొక్కటీ ఇంచుమించు అర మిల్లీమీటరు. ప్రతి పూస ఒంటినిండా రుణ విద్యుదావేశపు స్థానాలు, వాటిని అంటిపెట్టుకుని సోడియం అయాన్లు. కాల్షియం, మెగ్నీషియంలకు రెట్టింపు ఆవేశం ఉంటుంది కాబట్టి అవి వచ్చి కూర్చుంటే ఒక్కోదానికి రెండు సోడియాలు లేచి నీళ్లలో కలుస్తాయి. కాఠిన్యం 500 ఉన్న నీళ్లు రోజుకు 500 లీటర్లు వాడే ఇంట్లో, 25 లీటర్ల రెజిన్ సుమారు అయిదు రోజుల్లో నిండిపోతుంది. అప్పుడు చిక్కటి ఉప్పునీటిని దాని గుండా పంపాలి. సోడియం మందగా వచ్చిపడితే కాల్షియం సీటు ఖాళీ చేయక తప్పదు. ఐకార్న్ చూపించింది ఇదే. లెక్క ప్రకారం దీనికి కిలోన్నర ఉప్పు చాలు, కానీ ఆచరణలో దానికి రెట్టింపు పడుతుంది. ఉప్పు వేయడం మానేస్తే బోరునీళ్లు ఎలా వచ్చాయో అలాగే వెళ్తాయి. యంత్రం పాడైందని ఫిర్యాదు చేసే ముందు ఉప్పు ట్యాంకు మూత తీసి చూడాలి.

సాఫ్ట్‌నర్ అమ్మేవాళ్లు విడమరచి చెప్పాల్సిన మాట ఒకటుంది: ఇది వడపోత కాదు, మారకం. నీటిలో కరిగిన లవణాలను అంచనా కట్టే టీడీఎస్ మీటర్ పెడితే అంకె పెద్దగా మారదు. ప్రతి 100 మిల్లీగ్రాముల కాఠిన్యానికి 46 మిల్లీగ్రాముల సోడియం నీళ్లలోకి వస్తుంది. కాఠిన్యం 500 ఉంటే లీటరుకు 230. బీపీ ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు ఆ నీళ్లు తాగే విషయంలో డాక్టర్ని అడగాలి. ఫ్లోరైడ్‌ను ఇది ముట్టుకోదు, కాబట్టి నల్లగొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ ఊళ్లలో దీన్ని నమ్ముకుని తాగితే ప్రమాదమే. వంటింట్లో మంచినీళ్ల కుళాయికి విడిగా పైపు వేయించుకోవడం నయం. మొక్కలకు కూడా నేరుగా బోరునీళ్లే పెట్టాలి. సోడియం ఎక్కువైన మట్టి బిగుసుకుపోయి నీళ్లు ఇంకనివ్వదు.

రెజిన్ కడిగిన ఉప్పునీళ్ల సంగతి మరీ ముఖ్యం. చాలా అపార్ట్‌మెంట్లలో ప్లంబర్ దగ్గర్లో ఏ గొట్టం కనిపిస్తే దానికే కలిపేస్తాడు. అది ఇంకుడుగుంతకు పోయేదైతే, ఆ ఉప్పంతా నేలలోకి దిగి బోరులోకే తిరిగొస్తుంది. అప్పుడు సాఫ్ట్‌నర్ తీయలేని ఉప్పదనం ఇంటిల్లిపాదికీ మిగులుతుంది. బిగించే రోజే దగ్గరుండి, కడిగిన నీళ్ల పైపు మురుగు కాల్వకే వెళ్తోందో లేదో చూసుకోవాలి.