చీటి చెప్పిన అబద్ధము

ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలలో పక్షుల చర్మములను ఈకలతోసహా ఎండబెట్టి, లోపల దూది కూరి భద్రపరతురు. ప్రతి పక్షి కాలికి ఒక చీటి కట్టియుండును. ఎవరు, ఎచ్చట, ఏ దినమున దానిని సేకరించిరో ఆ చీటి తెలుపును. చీటి పోయినచో ఆ పక్షి విలువ చాలవరకు పోవును. చీటి అబద్ధమైనచో కీడే కలుగును. ఇందులకు మన మహారాష్ట్రమునందలి ఒక పక్షి కథయే నిదర్శనము.

అడవి పైడికంటె మధ్యభారతపు అడవులలో నివసించు చిన్న గుడ్లగూబ. పగటివేళ కూడ తిరుగుట దీని ప్రత్యేకత. తరువాతి కాలమున కాంగ్రెసు స్థాపనకు పూనుకొన్న ఏ. ఓ. హ్యూమ్ దొరయే 1873లో దీనిని లోకమునకు తెలియజేసెను. ఆ శతాబ్దమున సేకరింపబడినవి ఏడు మాత్రమే. వానిలో కొన్నింటిని జేమ్స్ డేవిడ్సన్ అను ఉద్యోగి ఖాందేశమున సంపాదించెను. 1884 తరువాత ఆ పక్షి కానరాలేదు.

అయితే కర్నల్ రిచర్డ్ మైనర్ట్జ్‌హాగెన్ అను ఆంగ్ల సైనికాధికారి, తాను 1914లో నేటి గుజరాతులోని మాండ్వీ వద్ద ఒకదానిని పట్టితినని చీటి వ్రాసెను. 1954లో తన సేకరణలోని సుమారు 20,000 పక్షులను లండను మ్యూజియమునకు దానమిచ్చెను. దాతను శంకించువారెవరు? ఆ చీటిని నమ్మి మాండ్వీ వైపు వెదకినవారికి శ్రమయే మిగిలినది.

అమెరికా శాస్త్రజ్ఞురాలు పామెలా రాస్ముస్సెన్ ఆ పక్షిని నిశితముగా పరీక్షించెను. బట్టను చూచి నేసిన చేయి ఎవరిదో మన నేతపనివారు గుర్తించునట్లు, దానిని సిద్ధపరచిన తీరును బట్టి అది డేవిడ్సన్ పక్షియేనని ఆమె గ్రహించెను. మ్యూజియమునుండి దొంగిలించి, కూర్పు మార్చి, కొత్త చీటి కట్టిరని 1999లో నిగెల్ కాలర్‌తో కలసి ప్రకటించెను. దొంగ అప్పటికి 32 ఏండ్ల క్రిందటనే గతించెను.

మాండ్వీని విడిచి, నిజమైన చీటీలు చూపిన తావులలో వెదకగా, 1997 నవంబరులో నందుర్బారు జిల్లా శహాదా వద్ద ఆ పక్షి సజీవముగా కనబడినది. 113 ఏండ్ల నిరీక్షణ ఫలించినది. 2014లో మన ఠాణా జిల్లాలోనే, తాన్సా అభయారణ్యమున కూడ అది కానవచ్చినది.

కావున విద్యార్థులారా, మీ ప్రకృతి పరిశీలన పుస్తకమున ఒక ఆకును అంటించినను, దొరకిన తావును తేదీని ఉన్నదున్నట్లు వ్రాయుడు. తలిదండ్రులును ఆ అలవాటును ప్రోత్సహింతురుగాక యని మేము కోరుచున్నాము. మీ తరువాతివారు వెదకవలసినది ఆ వ్రాతను నమ్మియే.