చెవ్రొలెట్ అడ్వాన్స్-డిజైన్ ట్రక్కుల బ్రేకు, చక్ర భాగాలు

అడ్వాన్స్-డిజైన్ అనేది అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ సంస్థ 1947 నుండి 1955 వరకు చెవ్రొలెట్ పేరుతో తయారుచేసిన ట్రక్కుల శ్రేణి. వీటికి విడిభాగాలు వెదికేటప్పుడు ముందుగా బండి తయారైన సంవత్సరాన్ని, మోసే సామర్థ్యాన్ని నిర్ధారించుకోవాలి.

బ్రేకులు

అరటన్ను ట్రక్కులలో 1950 వరకు హక్ రకపు బ్రేకులు ఉండేవి. 1951లో వాటి స్థానంలో బెండిక్స్ రకం వచ్చింది. ఒక రకపు షూలు మరొక రకానికి సరిపోవు. కొత్త షూలు లభించనప్పుడు పాత ఇనుప షూలకే కొత్త లైనింగు అతికిస్తారు. అరిగిన సిలిండరు లోపల ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగు వేసి తిరిగి వాడతారు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరం కనుక డ్రమ్ములను గాలితో ఊది శుభ్రపరచరాదు.

చక్రాలు

అరటన్ను బండి చక్రానికి ఆరు బోల్టులు, ముప్పావుటన్ను బండి చక్రానికి ఎనిమిది బోల్టులు ఉంటాయి. అందువలన ఒకదాని చక్రం మరొకదానికి పట్టదు. భారీ ట్రక్కుల రిమ్ములు కొన్ని రెండు మూడు ముక్కలుగా ఉంటాయి. తుప్పుపట్టిన ముక్కలను గాని, వేర్వేరు రకాల ముక్కలను గాని జతచేసి గాలి నింపితే, బిగింపు వలయం విసురుగా ఊడివచ్చి ప్రాణాలు తీయగలదు. ఇటువంటి రిమ్ముల విషయంలో అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 1980లో నిబంధనలు జారీచేసింది. వాటి ప్రకారం పరస్పరం సరిపడని ముక్కలను జతచేయరాదు, ఖాళీ అయిన టైరులో గాలిని రక్షణ బోనులో ఉంచి నింపాలి.