సముద్రతీర విహారం – ఏ ఋతువులో మేలు?

“పిల్లలకు సెలవులిచ్చారు. విశాఖ వెళ్ళి నాలుగు రోజులు సముద్రపు గాలి పోసుకుని వద్దాం.” ఏటా మే నెల రాగానే ఎన్నో ఇళ్ళలో ఈ మాట వినబడుతుంది. సముద్రం పక్కన చల్లగా ఉంటుందని అందరి నమ్మకం. హైదరాబాదులో రాత్రి రైలెక్కిన కుటుంబం తెల్లవారి విశాఖలో దిగుతుంది. పిల్లలు పదకొండు గంటల దాకా ఇసుకలో ఆడతారు. మధ్యాహ్నం వేపుళ్ళతో, మసాలా కూరలతో భోజనం. మూడు గంటలకు మళ్ళీ తీరం. రెండవనాటికి పిల్లవానికి విరేచనాలు పట్టుకుంటాయి. ఇంటి యజమానికి వీపంతా ఎండకు కాలి మండుతుంది. డెబ్బై ఏళ్ళ తాతగారు మాత్రం ఏమీ చెప్పక గోడకు చేరగిలబడి కూర్చుంటారు. ఆయనకు తల తిరుగుతున్న సంగతి ఎవరూ గమనించరు. విహారానికని దాచుకున్న డబ్బు వైద్యానికి ఖర్చవుతుంది.

ఇందులో సముద్రం తప్పేమీ లేదు. తప్పు కాలనిర్ణయంలో ఉన్నది. ఏ ఊరు వెళ్ళాలన్న ప్రశ్న కంటే ముందు ఏ ఋతువులో వెళ్ళాలన్న ప్రశ్న వేసుకుంటే ఈ ఇబ్బందులలో అధికభాగం తప్పిపోతాయి.

వేసవిలో తీరం చల్లగా ఉండదా?

పగటివేళ నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రజలం నిదానంగా వేడెక్కుతుంది. అందువలన పగలు సముద్రం నుండి నేలవైపుకు, రాత్రివేళ నేల నుండి సముద్రం వైపుకు గాలి వీస్తుంది. ఇది సాధారణ నియమం. కాని మే నెలలో దక్కను పీఠభూమి మీదుగా వచ్చే పొడి పడమటిగాలులు మన కోస్తాలో సముద్రపు గాలిని అడ్డగిస్తాయి. అది ఆలస్యమైన నాడు తీరంలో సైతం వడగాడ్పు తప్పదు.

సముద్రపు గాలి వచ్చిన తరువాత ఉష్ణోగ్రత తగ్గిననూ మరొక చిక్కు ఉన్నది. ఆ గాలిలో తేమ అధికం. మన శరీరం చెమటను ఆవిరి చేయుట ద్వారా చల్లబడుతుంది. గాలి తేమతో నిండి ఉన్నప్పుడు చెమట కారుతుందే గాని ఆరదు, కనుక శరీరంలోని వేడి బయటకు పోదు. పొడి ప్రదేశంలో 38 డిగ్రీల వేడిని తట్టుకున్న మనిషి తీరంలో 35 డిగ్రీలకే సొమ్మసిల్లవచ్చు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వేసవి తాపాన్ని తేలికగా తీసుకోరాదనుటకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఋతుచర్య చెప్పే లెక్క

మన పూర్వాచార్యులు సంవత్సరాన్ని రెండు భాగాలు చేశారు. శిశిర, వసంత, గ్రీష్మ ఋతువులు ఆదానకాలం. సూర్యుడు క్రమక్రమంగా ప్రాణుల బలాన్ని, నేలలోని తేమను గ్రహించే కాలమిది. వర్ష, శరత్, హేమంత ఋతువులు విసర్గకాలం. బలం తిరిగి సమకూరే కాలమిది. వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో హేమంత శిశిరాలలో మనుష్యుల బలం ఉత్తమంగాను, శరద్వసంతాలలో మధ్యమంగాను, గ్రీష్మ వర్షాలలో అల్పంగాను ఉంటుందని తెలిపారు.

దోషాల గతి కూడ దీనికి అనుగుణంగానే ఉంటుంది. వాతం గ్రీష్మంలో సంచయమై వర్షఋతువులో ప్రకోపిస్తుంది. పిత్తం వర్షఋతువులో సంచయమై శరత్తులో ప్రకోపించి, హేమంతంలో శమిస్తుంది. హేమంతంలో జఠరాగ్ని కూడ బలంగా ఉంటుంది. ప్రయాణపు అలసట, కొత్తచోటి నీరు, వేళతప్పిన భోజనం వంటి వాటిని శరీరం ఆ కాలంలోనే బాగా తట్టుకుంటుంది. కనుక మార్గశిరం నుండి మాఘం వరకు, అనగా డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు, సముద్రతీర విహారానికి అన్నివిధాల అనువైన కాలం.

పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంతమే అయిననూ, మన ప్రాంతంలో ఏప్రిల్ నాటికే గ్రీష్మ లక్షణాలు పొడసూపుతాయి. కాబట్టి నెల పేరును మాత్రమే గాక, కంటికి కనబడే ఋతులక్షణాన్ని కూడ చూచి నడచుకోవలెను.

ఏ తీరానికి ఎప్పుడు?

విశాఖపట్నం, భీమునిపట్నం, సూర్యలంక: డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు ఉత్తమం. ఉదయం పలుచని చలి, పగలు హితమైన ఎండ ఉంటాయి. మాఘపూర్ణిమనాడు హంసలదీవి వద్ద కృష్ణా సాగరసంగమంలో స్నానం చేసే ఆచారం కూడ ఈ హితమైన కాలంలోనే రావడం గమనింపదగినది.

నెల్లూరు తీరం, చెన్నై: ఇక్కడ అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు. జనవరి, ఫిబ్రవరి మాసాలు మేలు.

గోవా, కోవళం: నైరుతి ఋతుపవనాలు సాధారణంగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకి, మొదటివారంలోనే గోవా చేరతాయి. సెప్టెంబరు వరకు అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ఆ నెలలలో గదుల అద్దె తగ్గుతుందని ఆశపడి వెళ్ళినవారు కిటికీలోనుండి వాన చూచి తిరిగి రావలసి ఉంటుంది. నీటిలో దిగుట ప్రమాదకరం. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు వెళ్ళుట మంచిది. కేరళలో కర్కాటక మాసంలో, అనగా జూలై మధ్య నుండి ఆగస్టు మధ్య వరకు, ఆయుర్వేద చికిత్సలు చేయించుకునే సంప్రదాయం ఉన్నది. అది చికిత్సకు తగిన కాలమే గాని సముద్రస్నానానికి కాదు. ఈ రెంటినీ కలిపి ఒకే ప్రయాణంలో పెట్టుకోరాదు.

అండమాన్ దీవులు: ఋతుపవనం మన దేశంలో తొలుత పలకరించే చోట్లలో ఇదొకటి. మే మూడవ వారానికే వానలు మొదలవుతాయి. కనుక వేసవి సెలవులకు తగదు. జనవరి నుండి మార్చి వరకు అనుకూలం.

శరత్తులో తూర్పుగాలి

దసరా సెలవులలో తీరానికి వెళ్ళేవారూ ఉన్నారు. శరత్తులో ఎండను, మంచును, పెరుగును, పగటినిద్రను, తూర్పుగాలిని విడువవలెనని అష్టాంగహృదయం చెబుతున్నది. మన కోస్తాకు సముద్రం తూర్పున ఉన్నది. కనుక తీరంలో గంటల తరబడి ఎదురుగాలిలో కూర్చొనుట ఆ ఋతువులో పథ్యం కాదు.

దీనికి తోడు బంగాళాఖాతంలో తుఫానులు అధికంగా వచ్చే కాలాలు రెండు. ఋతుపవనానికి ముందు ఏప్రిల్, మే నెలలు మొదటిది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు రెండవది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలాది ప్రాణాలను బలిగొన్న ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమను ధ్వంసం చేసిన పెనుగాలి, 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుఫాను, ఇవన్నీ రెండవ కాలానికి చెందినవే. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం వద్ద తీరం దాటిన తుఫాను మొదటి కాలానికి చెందినది. ఈ నెలలలో ప్రయాణం తప్పనిసరి అయితే బయలుదేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూచుకోవలెను. నారింజ, ఎరుపు రంగు హెచ్చరికలున్నప్పుడు ప్రయాణం మానుకొనుటే వివేకం. టిక్కెట్టు సొమ్ము పోయిననూ ప్రాణం దక్కుతుంది. డిసెంబరు ప్రయాణానికి కూడ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

వేసవిలోనే వెళ్ళవలసి వస్తే

ఉద్యోగుల సెలవు, పిల్లల సెలవు ఒక్క మే నెలలోనే కలసివచ్చే ఇళ్ళున్నాయి. వారు నిరాశపడనక్కరలేదు. ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం అయిదు తరువాత మాత్రమే తీరానికి వెళ్ళి, నడిమి ఎండలో గది విడువక ఉండవలెను. నూలు దుస్తులు, గొడుగు, మెడను కప్పే తుండుగుడ్డ అవసరం. గ్రీష్మంలో కారం, పులుపు, ఉప్పు, అధిక వ్యాయామం తగ్గించుమని శాస్త్రం చెప్పినది. వేపుళ్ళకు బదులు పెరుగన్నం, పెసరకట్టు, సొరకాయ, బీరకాయ వంటి తేలిక ఆహారం తీసుకొనవలెను. చెమటతో పోయిన ఉప్పును మాత్రం క్రింది పానీయాల ద్వారా మితంగా తిరిగి పొందవచ్చును.

మజ్జిగ: ఒక వంతు పెరుగుకు మూడు వంతుల నీరు చేర్చి బాగుగా చిలికి, వెన్న తీసి, చిటికెడు ఉప్పు, కొద్దిగా దంచిన అల్లం, కరివేపాకు వేసి రోజుకు మూడు నాలుగు గ్లాసులు త్రాగవలెను.

పానకం: లీటరు నీటిలో 100 గ్రాముల బెల్లం కరిగించి వడగట్టి, అరచెంచా మిరియాల పొడి, పావుచెంచా ఏలకుల పొడి కలుపవలెను. మధుమేహం ఉన్నవారు దీనిని మాని మజ్జిగ వాడుకొనవలెను.

వట్టివేళ్ళ నీరు: కాచి చల్లార్చిన నీటిని మట్టికుండలో పోసి, కడిగిన వట్టివేళ్ళు గుప్పెడు వేసి రాత్రంతా ఉంచి, మరునాడు వడగట్టి వాడవలెను. దాహాన్ని, తాపాన్ని తగ్గిస్తుంది.

సబ్జా: ఒక చెంచా గింజలను గ్లాసు నీటిలో ఇరవై నిమిషాలు నానబెట్టి, బాగా ఉబ్బిన తరువాతే త్రాగవలెను.

కొబ్బరినీళ్ళు: మంచివే. అయితే మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా త్రాగరాదు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు కలిపిన పానీయాల విషయంలోను, మూత్రం ఎక్కువగా వెడలించే మాత్రలు వాడేవారు వేసవి ప్రయాణానికి ముందును తమ వైద్యుని సంప్రదింపవలెను.

విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి మాటిమాటికి కొద్దికొద్దిగా పట్టవలెను. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపరాదు. నెత్తురు పడినా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళవలెను.

ఎండకు చర్మం కాలితే చల్లని నీటితో తడిపి, కలబంద గుజ్జు రాయవలెను. పొక్కులను చిదుపరాదు. కొబ్బరినూనె రాసుకుంటే ఎండ ఏమీ చేయదనుకొనుట పొరపాటు.

సముద్రస్నాన నియమాలు

భోజనం చేసిన వెంటనే, అజీర్ణం, అతిసారం, పడిశం, చెవి లేక కంటి వ్యాధులు ఉన్నప్పుడు స్నానం కూడదని శాస్త్రవచనం. ఇది సముద్రస్నానానికి మరింత వర్తిస్తుంది. నదిని చేతులతో ఈది దాటరాదని కూడ వాగ్భటుడు హెచ్చరించాడు. నదికే అంత జాగ్రత్త అవసరమైతే సముద్రం మాట వేరే చెప్పనక్కరలేదు.

కొన్నిచోట్ల అలలు విరగక, నీరు నెమ్మదిగా ఉన్నట్లు కనబడుతుంది. చాలామంది అదే సురక్షితమని దిగుతారు. నిజానికి తీరానికి చేరిన నీరు తిరిగి లోనికి పోయే దారి తరచుగా అదే. ఆ లాగుడులో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదరాదు. తీరానికి సమాంతరంగా ఈది ఆ దారి నుండి తప్పుకొని, తరువాత ఒడ్డువైపు మళ్ళవలెను. ఈత రానివారు మోకాలి లోతు దాటరాదు. పిల్లలను చేయి విడువరాదు. స్నానం తరువాత మంచినీటితో ఉప్పు పోయేటట్లు కడుగుకొని, శనగపిండి లేక పెసరపిండితో రుద్దుకుంటే దురద కలుగదు.

వడదెబ్బ – ఆలస్యం వద్దు

తల తిరగడం, వాంతి, తడబడు మాట, ఒళ్ళు కాలిపోవడం, స్పృహ తప్పడం వడదెబ్బ లక్షణాలు. రోగిని వెంటనే నీడకు చేర్చి, దుస్తులు వదులు చేసి, శరీరమంతా చల్లని నీటితో తడుపుతూ విసరవలెను. స్పృహలో లేనివారి నోటిలో మజ్జిగ గాని నీరు గాని పోయరాదు. అది ఊపిరితిత్తులలోకి పోవచ్చును. 108కి ఫోను చేయవలెను. ఇది గృహవైద్యంతో తీరేది కాదు.

వృద్ధులకు దాహం తెలియడం తగ్గుతుంది. “నాకేమీ వద్దు” అన్నంత మాత్రాన ఊరుకొనక, గంటకొకసారి గ్లాసు అందించవలెను. వారికి ద్రవపదార్థాలపై వైద్యుడు పరిమితి పెట్టి ఉంటే ఆ మేరకే ఇవ్వవలెను.

ఈసారి సెలవుల ఆలోచన వచ్చినప్పుడు ముందుగా పంచాంగాన్ని, ఇంటిలోని పెద్దల శరీరబలాన్ని కలిపి చూడండి. సంక్రాంతి తరువాత వచ్చే ఒక శనివారం, ఆదివారానికి మరొక రెండు రోజులు సెలవు జతచేసుకుంటే చాలు. అదే సముద్రం, అదే ఇసుక. తాతగారు కూడ మనుమని చేయి పట్టుకొని పాదాలు తడుపుకుంటారు.