జల్లెడ పట్టినాకే నమ్ము!

రెండు బాణాల గుర్తుతో ఓ మెసేజ్ వస్తుంది. చాలాసార్లు ఫార్వార్డ్ అయిందని పైనే రాసుంటుంది. చదువుతాం, భయమేస్తుంది, ఇంకో నలుగురికి పంపేస్తాం. ఈ జబ్బుకు మా సుగాలీల దగ్గర ఎప్పటి నుంచో మందు ఉందంటే నమ్ముతారా? ఆగండి, వెంటనే నమ్మకండి. ఆ మందే అది!

మాది గోనెగండ్ల వైపు ఓ తండా. మమ్మల్ని బయట లంబాడీలని, బంజారాలని అంటారు. సీమలో సుగాలీలంటారు. మా గురువు సంత్ సేవాలాల్. 1739 ఫిబ్రవరి 15న గుత్తి దగ్గర పుట్టారని మావాళ్ల నమ్మకం. ఆ చోటే ఇప్పటి సేవాగఢ్. ఆయన మాటగా తండాల్లో చెప్పుకునేది ఇది: ముందు తెలుసుకో, తర్వాత జల్లెడ పట్టు, ఆ పైనే నమ్ము.

ఈ మాట నేను పుస్తకంలో చదవలేదు. మా గోర్ బోలీకి సొంత లిపి లేదు. 2011 జనాభా లెక్కల్లో 32 లక్షల మందికి పైగా లంబాడీ మా మాతృభాష అని చెప్పినా, దాన్ని హిందీ కిందే లెక్కేశారు. అందుకే మాకు మంచీ చెడూ అంతా నోటి మాటే. రాత్రి దాది (నాయనమ్మ) కథ చెబుతుంటే పిల్లలు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథా ఆగుతుంది. మధ్యలో ‘ఎందుకట్ల?’ అని అడగొచ్చు. అడిగితేనే దాదికి ఇష్టం. అబద్ధమాడొద్దు, దొంగతనం చేయొద్దు... అన్నీ అట్లా అడిగి అడిగి నేర్చుకున్నవే.

ఇప్పుడు ఫిబ్రవరి 15 వస్తే మా కుర్రాళ్ల స్టేటస్ నిండా సేవాలాల్ ఫొటోలే. బంజారా పాటల రీల్స్‌కీ కొదవ లేదు. సంతోషమే. కానీ ఫోన్‌కి ఊ కొట్టే పని లేదు. ‘ఇది నీకెవరు చెప్పినార్రా?’ అని అది మనల్ని అడగదు.

అడక్కపోతే ఏమవుతుందో 2018లో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని మే నెలలో తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ పుకార్లు పాకాయి. ఊరికి కొత్తగా కనిపించిన అమాయకుల్ని పట్టుకుని కొట్టారు. ప్రాణాలు కూడా పోయాయి. ఆ జులైలో, ఇండియాలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి పెడుతున్నామని వాట్సాప్ ప్రకటించింది.

మాకు ఇది ఎక్కడో జరిగిన వార్త కాదు. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల నుంచి ఏటా ఎందరో సుగ్గికి పోతారు. ఇక్కడ పనుల్లేక గుంటూరు వైపు మిరప కోతకు వలస. మూటలతో, పిల్లలతో తెలియని ఊళ్లో దిగే మావాళ్లే అక్కడ ‘కొత్త మనుషులు’. జల్లెడ పట్టని మెసేజ్ ఒక్కటి చాలు, వాళ్ల మీదికి కర్రలు లేవడానికి.

సుగ్గితో ఇంకో తంటా ఉంది. కథ చెప్పే దాది తండాలో, వినాల్సిన మనవడు మిరప చేల దగ్గర గుడిసెలో. ఇక్కడ మాత్రం ఫోనే పనికొచ్చింది. మా పక్కింటి దాది రాత్రిపూట మనవడికి ఫోన్‌లోనే కథ చెబుతుంది. వాడు అటునుంచి ఊ కొడతాడు. సిగ్నల్ పోతే, ‘ఉండావా నాయనా?’ అంటూ కథ ఆపేస్తుంది. ఒకరోజు వాడు తనకొచ్చిన భయంకరమైన మెసేజ్ ఒకటి చదివి వినిపించాడు. ఆమె అడిగింది ఒక్కటే: ‘చూసినోడు ఎవడ్రా? వాని పేరేంది?’ పేరు లేదు. ‘అయితే నీ దగ్గరే పెట్టుకో’ అంది.

మీరూ ట్రై చేయండి. ఈసారి అలాంటి మెసేజ్ వస్తే, ఫార్వార్డ్ కొట్టే ముందు మీ అవ్వకో, అమ్మమ్మకో ఫోన్ చేసి చదివి వినిపించండి. ఆమె అడిగే మొదటి ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేకపోతే, అది ఇంకొకరికి పంపాల్సిన మెసేజ్ కాదు.