బ్రౌజరునకు కాపలా, నిత్యసౌకర్యము

ఈపురుపాలెమున మగ్గము సాగు నిండ్లలోను, చేను గల యిండ్లలోను నేడు పరీక్షాఫలితములు, ప్రవేశ దరఖాస్తులు, విద్యార్థి వేతనములు, బ్యాంకు లెక్కలు మొదలగునవి బ్రౌజరు ద్వారముననే జరుగుచున్నవి. ద్వారమునకు కాపలా వలయునని యెల్లరు నెఱుగుదురు. కాని కాపలా కఠినమగుకొలది రాకపోకలకు ఇబ్బంది హెచ్చును. ఈ రెంటికి పొత్తు కుదుర్చు మార్గమును ఇచ్చట విచారింతము.

బ్రౌజరునకు విడిగా చేర్చుకొను చిన్న ప్రోగ్రాములను యాడ్-ఆన్‌లందురు. మన మొక వెబ్‌సైటు తెఱచినపుడు మనము కోరిన సమాచారమే గాక, ప్రకటనలును, మన సంచారమును కనిపెట్టు ట్రాకర్లును వెంట వచ్చును. వీనిలో పెక్కు స్క్రిప్టులను చిన్న ఆజ్ఞల మూలమున మన యంత్రములోనే పనిచేయును. వీనిని వడపోయుటయే రక్షణ యాడ్-ఆన్‌ల పని.

ఇటలీ దేశస్థుడగు జార్జియో మావొనే 2005లో వెలువరించిన నోస్క్రిప్టు, మనము అనుమతించువఱకు స్క్రిప్టులను నడువనీయదు. రక్షణ మిక్కుటమే. కాని దరఖాస్తులో జిల్లాల జాబితా తెఱచుకొనకపోవచ్చును. రుసుము చెల్లించు మీట పనిచేయకపోవచ్చును. గడువు ముగియు దినమున ఇట్టి చిక్కు కలిగిన గృహస్థు ఏమి చేయును? విసిగి యాడ్-ఆన్‌నే తీసివేయును. నాటినుండి ఆ యింట ఏ కాపలాయు నుండదు.

రేమండ్ హిల్ 2014లో వెలువరించిన యూబ్లాక్ ఆరిజిన్ మార్గము వేఱు. అది ప్రకటనలు, ట్రాకర్లు, హానికరమని తెలిసిన చోటులు గల పట్టికలను దగ్గఱ నుంచుకొని, వానిని మాత్రమే ఆపును. పట్టికకెక్కని క్రొత్త మోసము తప్పించుకొనవచ్చును. అయినను వెబ్‌సైటులు మామూలుగా నడుచును, త్వరగా తెఱచుకొనును, డేటాయు మిగులును. కావున జనులు దానిని నిలుపుకొందురు. క్రోములో నియమములు మారినందున దాని పూర్తి రూపము నిలిచిపోయి, లైట్ అను చిన్నరూపము మిగిలినది. ఫైర్‌ఫాక్సులో పూర్తి రూపమే లభించుచున్నది.

కాపలాదారుని గూర్చియు విచారింపవలయును. ఇట్టి యాడ్-ఆన్‌లలో పెక్కు, మనము చూచు ప్రతి వెబ్‌సైటును చదువుటకు అనుమతి కోరును. వెబ్ ఆఫ్ ట్రస్ట్ అనునది ఏ వెబ్‌సైటు నమ్మదగినదో చెప్పు యాడ్-ఆన్. దానిని వాడువారి సంచార వివరములు ఇతర వ్యాపారుల చేతికి చేరుచున్నవని 2016లో జర్మనీ ప్రసారసంస్థ ఎన్‌డీఆర్ బయటపెట్టెను. కంచె చేను మేసిన సామెత యిచ్చట అక్షరాల నిజమయ్యెను.

మఱియు కాపలా కొక హద్దు కలదు. 2018లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటున సుమారు 1.34 లక్షల మంది ఆధార్ వివరములు బహిరంగముగా కనబడినవి. మన యింటి తలుపు ఎంత గట్టిగా వేసినను, పరుల యింట నుంచిన మన సొత్తును అది కాపాడజాలదు. ఫోనులో ఓటీపీ అడిగి మోసగించువానిని కూడ ఏ యాడ్-ఆన్‌యు ఆపలేదు.

కావున తల్లిదండ్రులకు మా మనవి. మొదట బ్రౌజరును ఎప్పటికప్పుడు క్రొత్త రూపమునకు మార్చుకొనుడు. పట్టికలతో వడపోయు యాడ్-ఆన్ ఒకటి చాలును. పదింటిని చేర్చినచో పది మందికి తాళపుచెవు లిచ్చినట్లగును. దానివలన ఏదైన వెబ్‌సైటు నిలిచిపోయిన, చిరునామా సరియైనదో కాదో చూచి, ఆ యొక్క చోట మాత్రము సడలించి, తక్కినచోట్ల యథాప్రకారము ఉంచుడు. మీ సొంత ఫోనులో పాస్‌వర్డులను బ్రౌజరుచేతనే దాచించుడు. మాఱు చిరునామాగల నకిలీ వెబ్‌సైటున అది పాస్‌వర్డును తనంతట నింపదు. ఇచ్చట సౌకర్యమును రక్షణయు ఒకటే యైనవి. పలువురు వాడు ఇంటర్నెట్ దుకాణపు యంత్రములో మాత్రము ఏ పాస్‌వర్డును దాచవలదు. ధనము పోయిన యెడల ఆలసింపక 1930 సంఖ్యకు ఫోను చేయుడు.

విద్యార్థులారా! ఒకనాడు బిగించి మఱునాడు తీసివేయు గొప్ప గడియకంటె, ప్రతి రాత్రి మఱవక వేయు చిన్న గడియయే యిల్లు కాచును. మీ యింటివారు విసుగుచెందక నిత్యము భరింపగల రక్షణను ఎన్నుకొని, వారిచే నిలుపుకొనజేయుట మీ వంతు.